వాడి కంచంలోకే

కొండాయపాలెం (పొదిలి దగ్గర),
మార్చి నెల.

ఫెబాకి,

నేను వీరాంజనేయులు అమ్మని, సుబ్బరావమ్మని. నీకు ఉత్తరం రాయాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. నువ్వూ అనుకుని ఉండవు. మీరిద్దరూ రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకున్నారని తెలిసిన రోజున మా ఆయన నా ఫోన్లోంచి వాడి నంబరు తీసేసి, "ఆ ఇంటితో ఫోన్లో మాట్లాడావంటే నా మీద ఒట్టే" అన్నాడు. ఉత్తరాల సంగతి ఆయనకి తట్టలేదు. పేరయ్య గారికి అన్నీ ఒకేసారి తట్టవు, అదొక్కటే నా అదృష్టం.

మా ఊరి మీరా హుస్సేన్ వ్యానులో మిరపకాయ టిక్కీ బస్తాలు గుంటూరు యార్డుకి తోలుతాడు. అక్కణ్ణుంచి విజయవాడకి కిరాయి దొరికినప్పుడు మీ తాడేపల్లి మీదుగానే పోతాడు. ఈ సంచి వాడే ఇస్తాడు. సీసాలో ఉన్నది నల్లకారం. ధనియాలు, ఎండుమిరపకాయలు నల్లగా వేయించి, చింతపండు, వెల్లుల్లి వేసి నేనే రోట్లో దంచాను. మా వాడికి పాలు మాన్పించిన నాటి నుంచి అదంటే ప్రాణం.

ఇది వాడి కంచంలోకే. నువ్వు రుచి కూడా చూడొద్దు. అన్నం పొగలు కక్కుతుండగా నీ చేత్తో ఒక చెంచా వేసి, నువ్వుల నూనె పోసి పెట్టు. మొదటి ముద్ద దీంతోనే తినాలి. వడ్డించేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఎందుకని అడగొద్దు. మా పొయ్యికి కొన్ని పద్ధతులున్నాయి. ఉప్పు ఒకరి చేతికి ఒకరం ఇవ్వం. కూర కలిపేటప్పుడు ఎవరి కోసం వండుతున్నామో వాళ్ళ పేరు మనసులో అనుకుంటాం. ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేస్తాం, ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని అర్థం. మీ ఇళ్ళలో ఇవన్నీ ఉండవని విన్నాను.

నీ మీద నాకు ప్రేమేమీ లేదు. లేనిది ఉన్నట్టు రాయడం నాకు చేతకాదు. ఆ పేట పిల్ల మా వాడికి ఏదో పెట్టిందని ఊరంతా అంటోంది. నేను అనలేదు, విన్నాను. వాడు తిన్నదీ లేనిదీ రాయి.

సుబ్బరావమ్మ

*

తాడేపల్లి,
మార్చి నెల.

సుబ్బరావమ్మ గారికి నమస్కారం.

సంచి అందింది. ఆయన కారం తిన్నారు. బాగుందన్నారు.

ఊరంతా అంటున్న మాటకి జవాబు రాయకూడదనుకున్నాను. కానీ ఏ ప్రశ్నా వదిలేయొద్దని పిల్లలకి చెప్పే టీచర్ని కదా. అన్నంలో మందు కలిపి మనిషి మనసు తిప్పేయడం నాకు రాదు. మేమిద్దరం గుంటూరులో ఒకే మెస్‌లో తిన్నాం. మందంటూ ఉంటే అది ఆ మెస్ సాంబారులోనే ఉండాలి. ఇక్కడ మా అమ్మ సంతోషకుమారి కూడా వాడరేవు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, "వాళ్ళింటి నుంచి ఏమొచ్చినా నోట్లో పెట్టకు ఫెబా, మందు పెడతారు" అంటోంది. మీవాళ్ళు మమ్మల్ని చూసి, మావాళ్ళు మిమ్మల్ని చూసి భయపడుతున్నారు. ఆయన మాత్రం ఇద్దరి చేతి వంటా తిని బాగానే ఉన్నారు.

గిన్నె గానీ సీసా గానీ ఖాళీగా తిప్పి పంపకూడదని మా నాయనమ్మ అనేది. కారం డబ్బాలోకి తీసి, సీసాలో వాడరేవు రొయ్యపొడి పోశాను. దీనికి పద్ధతులేమీ లేవు, ఎవరు తిన్నా ఫర్వాలేదు.

ఫెబా

*

కొండాయపాలెం,
ఏప్రిల్ నెల.

ఫెబాకి,

రొయ్యపొడి అందింది. బాగుంది.

నీకు నోరు బాగానే ఉంది. మెస్ సాంబారు మాట చదివి నవ్వాను. ఆయన "ఏంటే, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు" అంటే కల్లంలోకి కోతి వచ్చిందని ఏదో చెప్పాను. అంతమాత్రాన నువ్వు నాకు నచ్చావని కాదు.

రెండో సీసా పంపుతున్నాను. వాడు రోజూ తింటున్నాడా? తిన్నాక ఎలా ఉంటున్నాడు? పరధ్యానంగా ఉంటున్నాడా? నా మాట ఎత్తుతున్నాడా? నీ మీద విసుక్కుంటున్నాడా? మీ మధ్య మాటామాటా వస్తుంటే దాచకుండా రాయి, పెద్దదాన్ని గనక అడుగుతున్నాను.

"ఆ పిల్ల ఈ గడప తొక్కితే నేను ఈ గడప దాటతా" అని తండ్రి. "ఆమె రాని ఇంటికి నేనూ రాను" అని కొడుకు. ఇద్దరిదీ ఒకటే మొండితనం, నడుమ నలిగేది నేను. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు వాడి పేరున ఒక గుప్పెడు ఇప్పటికీ ఎక్కువే పోస్తాను. ఆ మిగిలిన అన్నం గేదె తింటుంది. ఆ గేదె పాలు అందరూ తాగుతారు, నా కొడుకు తప్ప. వాడు తిరిగి రావాలి. ఎలా వస్తాడో నాకక్కర్లేదు, రావాలి.

సుబ్బరావమ్మ

*

తాడేపల్లి,
మే నెల.

అత్తయ్య గారికి,

ఇలా పిలవొచ్చో లేదో తెలియదు. వద్దంటే రాయండి, మానేస్తాను.

రెండో సీసా కూడా అయిపోవచ్చింది. ఆయన బాగా తింటున్నారు. మీరడిగినట్టు మా మధ్య మాటామాటా ఏమీ రాలేదు. వచ్చినా అది గ్యాస్ బండ ఎవరు బుక్ చేయాలనే దగ్గరే. మీ మాట ఎత్తుతారా అన్నారు. తక్కువ ఎత్తుతారు. ఎత్తిన రోజున మాత్రం చాలాసేపు కిటికీ దగ్గర నిలబడతారు.

గుప్పెడు బియ్యం సంగతి చదివి ఆ రోజు స్కూల్లో పాఠం సరిగా చెప్పలేకపోయాను. మా ఇళ్ళలో పద్ధతులుండవన్నారు. ఉన్నాయి అత్తయ్య గారూ. మా నాయనమ్మ జావ ఉడుకుతుంటే గరిటెతో దాని మీద సిలువ గుర్తు గీసేది. ఉప్పు వేసేటప్పుడు ఎవరి మీదా కోపం ఉండకూడదనీ, ఉంటే ఆ వంట తిన్నవాళ్ళకి పడదనీ అనేది. మా పాస్టర్ నతానియేలు గారు "ఇదేంటమ్మా, మంత్రాలా" అని గద్దిస్తే, "మీకు పడిశం పట్టినప్పుడు తాగిన చారు కూడా ఇలాగే కాచాను, అప్పుడు అడగలేదే" అంది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒక మాట చెప్తాను, నవ్వొద్దు. నేను కూడా మీ పేరున ఒక గుప్పెడు ఎక్కువ పోస్తున్నాను. ఇక్కడ గేదె లేదు, పక్కింటి కరీమున్ గారి కోళ్ళకి వేస్తాను. మిమ్మల్ని చూసింది ఒక్కసారే, అదీ మీరు మమ్మల్ని చూసి తలుపు వేసుకుంటున్నప్పుడు. అయినా ఈ మధ్య మీరే గుర్తొస్తున్నారు. ఎండలకేమో ఏ కూరా సహించడం లేదు. ఆ నల్లకారం ఎలా దంచుతారో నాకు నేర్పరా?

ఫెబా

*

కొండాయపాలెం,
మే నెలాఖరు.

ఫెబా,

అత్తయ్య అని పిలువు. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

కానీ నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు స్థిమితంగా లేదు. వాడు తింటున్నాడంటావు. రెండు సీసాలు తిన్నవాడు ఒక్కసారైనా అమ్మా అని రావద్దా? వాడిలో మార్పేమీ లేదంటావు. నువ్వేమో ఉత్తరం ఉత్తరానికీ మెత్తబడుతున్నావు. నా పేరున గుప్పెడు పోయడమేంటి నువ్వు? అది చదివి నాకు ఏడుపొచ్చింది, నీ మీద కోపమూ వచ్చింది. నువ్వు ఇంత మంచిగా రాయకుండా ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

నల్లకారం ఎలా దంచాలో చెప్పను. అది నీకక్కర్లేదు.

మూడో సీసా ఇస్తున్నాను. ఇందులో ఘాటు పెంచాను. రెండు పూటలా పెట్టు, వాడి కంచంలోకే. కూరలు సహించడం లేదన్నావు. మజ్జిగ తాగు, చారన్నం తిను. నిజం చెప్పు, ఈ కారం నువ్వు తినడం లేదు కదా?

సుబ్బరావమ్మ

*

తాడేపల్లి,
జూన్ నెల.

అత్తయ్యా,

మీకు అబద్ధం రాస్తున్నానన్న బాధ ఇక మోయలేను. మీ అబ్బాయి ఆ కారం ఒక్క మెతుక్కి కూడా కలుపుకోలేదు. మొదటి రోజే కంచం పక్కకి జరిపి, "అమ్మ నిన్ను ఇంట్లోకి రమ్మన్న రోజున ఆమె చేతి ముద్ద తింటాను. అప్పటిదాకా ఆ సీసా నా కళ్ళబడనీకు" అన్నారు. అది మీకు రాస్తే మళ్ళీ మీరు ఉత్తరం రాయరేమోనని భయపడ్డాను. తిన్నారని రాశాను. ఒకసారి రాశాక రెండోసారి రాయడం కష్టం కాలేదు.

తిన్నది నేను. తిండి పారేస్తే కళ్ళు పోతాయంటారు కదా. ఆయన డ్యూటీకి వెళ్ళాక వంటింట్లో కూర్చుని తినేదాన్ని. తర్వాత అది లేకపోతే ముద్ద దిగని రోజులొచ్చాయి. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు నాలుగో నెల అత్తయ్యా. ఏం తిన్నా వాంతయ్యేది, మీ కారం అన్నం తప్ప. మీ మనవడో మనవరాలో మీ చేతి వంటతోనే పెరుగుతున్నారని తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

మూడో సీసా మొదలుపెట్టాక కడుపులో నొప్పి వస్తోంది. మొన్న కొంచెం రక్తం కనబడింది. డాక్టరు గారు మంచం దిగొద్దన్నారు. "బయటి తిండి ఏమైనా తిన్నావా, నాటు మందులేమైనా వాడావా" అని అడిగారు. లేదు మేడమ్, ఇంటి వంటే అన్నాను. అమ్మ వాడరేవు నుంచి వచ్చింది. సీసా చూసి మొహం మాడ్చుకుంది. "పెట్టారే, నీకు పెట్టారే" అని ఒకటే గోల. మా అత్తయ్య అలాంటి మనిషి కాదని అమ్మతో పోట్లాడాను. పెళ్ళప్పుడు కూడా అమ్మతో అంతలా పోట్లాడలేదు.

నాకు భయంగా ఉంది. అయినా ఇంకొక సీసా పంపుతారా? అది తప్ప ఏదీ తినబుద్ధి కావడం లేదు.

మీ ఫెబా

*

కొండాయపాలెం,
జూన్ నెల.

అమ్మా ఫెబా,

మీరా హుస్సేన్ చేత నీకు ఫోన్ చేయించాను, ఆ సీసా ముట్టుకోవద్దని. ఎందుకో వాడికి చెప్పలేదు. నీకు చెప్పాలి.

మీ అమ్మ అన్నది నిజం. నేను పెట్టాను.

నా కొడుక్కి నువ్వు మందు పెట్టావని మా వాళ్ళు రోజూ అంటుంటే, అననిదాన్నే గానీ నమ్మాను. పాతికేళ్ళు నా చేతి ముద్ద తిన్నవాడు ఒక్క రోజులో కాదని వెళ్ళిపోతే, వాడంతట వాడే వెళ్ళాడని అనుకోవడం నా వల్ల కాలేదు. నువ్వు పెట్టావనుకుంటేనే నాకు బతకబుద్ధయింది. పొదిలి అవతల ఒకామె విరుగుడు ఇస్తుందంటే వెళ్ళాను. పొట్లంలో బూడిదలాంటి పొడి ఇచ్చింది. "వాడు ఇప్పుడు ఎవరి చెయ్యి పట్టుకున్నాడో ఆ చెయ్యి వదులుతాడు, నీ చెయ్యి పట్టుకుంటాడు. ఆమె చేత్తోనే వడ్డించాలి" అంది. నల్లకారంలో అయితే రంగు తెలియదని నేనే అనుకున్నాను. దంచేటప్పుడు రోకటి పోటుకొకసారి వాడి పేరు తలుచుకున్నాను. నీ కాపురం విరగాలనే దంచానమ్మా. మెత్తని మాటలతో దాన్ని దాచను.

నువ్వు రాసిన ఉత్తరాలు బియ్యం డబ్బాలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. చదివి ముచ్చటపడేదాన్ని. మళ్ళీ వెళ్ళి దంచేదాన్ని. మూడు సీసాల్లోనూ వేశాను. మూడోదాంట్లో రెట్టింపు వేశాను. నిన్ను ఇష్టపడుతూనే నీ మీద చేశాను. నువ్వు పంపిన రొయ్యపొడి కూడా నేను తినలేదు. అందులో నువ్వేం కలిపావోనని దొడ్లో గొయ్యి తీసి పూడ్చాను. నా చేతిలో విషం పెట్టుకుని నీ చేతిని అనుమానించాను.

నీ ఉత్తరం చదవగానే ఆమె దగ్గరికి పరిగెత్తాను. అందులో ఏముందో చెప్పమని రెండు చేతులూ పట్టుకున్నాను. "మగవాడికని ఇచ్చింది ఆడది తింటే నా పూచీ లేదు" అని తలుపు వేసేసింది. మిగిలిన పొట్లం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. సిగ్గుపడకుండా డాక్టరమ్మకి చూపించు. మా అత్త పెట్టిందని చెప్పు. పోలీసులకి చెప్పినా నేను కాదనను. బిడ్డ ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. నన్ను తిట్టి రాయి, ఫర్వాలేదు. రాయకుండా మాత్రం ఉండకు.

సుబ్బరావమ్మ

*

తాడేపల్లి,
జులై నెలాఖరు.

సుబ్బరావమ్మ గారికి,

పొట్లం అందింది. డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని చూసి, నా మొహం చూసి, "పిల్లలకి చదువు చెప్పేదానివి" అని మాత్రం అన్నారు. ల్యాబుకి పంపారు. ఒంటికి పడని లోహమేదో అందులో ఉందట. నా రక్తంలోనూ కొంత ఉందట. తినడం మానేశాను గనక తగ్గుతోందని మొన్నటి పరీక్షలో తేలింది. రక్తం కనబడటం ఆగింది. స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకుంటోంది. అంతకు మించి ఇప్పుడే ఏమీ చెప్పలేమనీ, నెలనెలా చూడాలనీ అన్నారు. అంటే పురుడు వచ్చేదాకా నేను రోజూ కడుపు మీద చెయ్యి పెట్టుకుని, కదిలిందా లేదా అని చూసుకుంటూ బతకాలి. మీరూ అలాగే బతకండి.

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను, అది చల్లారలేదు. నా కాపురం విరగాలని దంచారు. అమ్మ ముందు నన్ను తెలివితక్కువదాన్ని చేశారు. ఇవి రెండూ ఎలాగోలా మింగగలను. మింగలేనిది ఇంకొకటుంది. ఆ కారం తిన్నన్నాళ్ళూ మీ మీద ఇష్టం పెరుగుతూ వచ్చింది. అది నాలోంచి పుట్టిందో, ఆ పొడిలోంచి పుట్టిందో నాకే తెలియకుండా చేశారు. మందుల్ని నమ్మనిదాన్ని నేను. అయినా మీ ఉత్తరం చదివాక నన్ను నేను నమ్మలేకపోయాను. ఒంట్లోంచి అది దిగిపోతే దీని సంగతీ తెలుస్తుందని ఆగాను. నెల దాటింది. రక్తంలో తగ్గింది. మీ మీద ఇష్టం తగ్గలేదు. అన్నిటికంటే దానికే నాకు ఎక్కువ కోపంగా ఉంది.

ఆయనకి ఏమీ తెలియదు. నా ఒంట్లో బాగోలేదనే అనుకుంటున్నారు. అమ్మ చెప్పబోతే నేనే ఆపాను, మిమ్మల్ని కాపాడటానికి కాదు. ఆ మాట చెప్పాల్సింది మీరు. ఆయన ఎదురుగా నిలబడి, నాకు రాసినట్టే, ఏదీ దాచకుండా చెప్పాలి. విన్నాక మిమ్మల్ని పొమ్మంటే నేను అడ్డుపడను. కన్నతల్లి మొహం ఇక చూడనంటే సర్దిచెప్పను. ఆయన్ని తిరిగి తెచ్చుకోవాలని ఇదంతా చేశారు. చెబితే ఆయన పూర్తిగా పోవచ్చు. అది తెలిసే రండి.

ఉండమంటే మాత్రం, ఈ వంటింట్లో వండేది మీరే. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మొదటి ముద్ద మీరు తినాలి. రెండోది నేను తింటాను.

ఫెబా

*

కొండాయపాలెం,
ఆగస్టు నెల.

అమ్మా ఫెబా,

నీ ఉత్తరం వసారాలో కూర్చుని, ఆయన ముందే, పైకి చదివాను. నేనేం చేశానో కూడా చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "వాడు నీ మొహం చూడనంటే ఏం చేస్తావే?" అన్నాడు. "వెనక్కి వస్తాను. చెప్పకుండా మాత్రం ఉండను" అన్నాను. లోపలికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసి బస్సు టైము కనుక్కుని వచ్చి చెప్పాడు.

ఆదివారం వస్తున్నాను. వాడు ఇంట్లోనే ఉంటాడు కదా. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటానేమో, ఎన్ని కూడబలుక్కున్నా చెప్పేది ఒక్కటే, నీ బిడ్డకి నేను విషం పెట్టానురా అని. అది విని వాడు ఏమన్నా పడతాను. పోయేది నా కొడుకే అయినా, నీకిచ్చిన మాట తప్పను.

ఒకరింటికి చేతులూపుకుంటూ వెళ్ళడం నా ఒంట్లో లేదు. ఈసారి పచ్చడి లేదు, పెరుగు లేదు, ఇంట్లోంచి ఒక్క గింజ కూడా తేవడం లేదు. ఒట్టి చేతులతో ఆ మెట్లెక్కాలంటే భయంగా ఉంది ఫెబా. గుమ్మంలో ముందుగా వాడి మొహం చూశానంటే నా నోరు పెగలదు. తలుపు నువ్వే తియ్యి.

సుబ్బరావమ్మ